బాడీబిల్డింగ్ ఆపి పూర్తిగా బలం కోసం మారాలనుకుంటున్నా, ఎక్కడ మొదలెట్టాలి? (బరంపురం)

కోర్టుపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాది బరంపురం. వయసు 31, ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, బరువు 78 కిలోలు. పెద్ద బజారులో పట్టుచీరల కొట్లో పని. పొద్దున్న పదికి నిలబడితే మళ్లీ కూర్చునేది రాత్రి తొమ్మిదికే. అందుకని జిమ్‌కి తెల్లారి అయిదున్నరకే పోతాను.

కాలేజీ రోజుల నుంచి చేసిందంతా బాడీబిల్డింగే. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, అలా రోజుకో భాగం. జిల్లా పోటీల్లో స్టేజీ ఎక్కాను. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి పులివేషం కట్టాను. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు పూయించుకుని డప్పుకి ఆడుతుంటే భుజం కండ, వీపు కండ ఎలా కదులుతాయో చూసినవాళ్లకి తెలుసు. బాడీబిల్డింగ్ మీద నాకు కోపం లేదు, అది నాకు చాలా ఇచ్చింది.

కానీ ఈ మధ్య మనసు పూర్తిగా బరువు వైపు లాగుతోంది. స్టేజీ మీద ఎంత కష్టపడి నిలబడినా చివరికి జడ్జి కంటికి ఎలా కనబడ్డామన్నదే లెక్క. బార్ మీద నూట యాభై కిలోలుంటే అది ఎవరు చూసినా నూట యాభయ్యే. పైగా ప్రతి పోటీకి ముందు ఉప్పు మానడం, నీళ్లు తగ్గించడం, అన్నం చూసి మొహం తిప్పుకోవడం, ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం. ఇక చాలు. ఎంత ఎత్తగలనో తెలుసుకోవాలని ఉంది.

ఇప్పటికి నా పరిస్థితి ఇదీ. బెంచ్ (బల్ల మీద పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి తొయ్యడం) 80 కిలోలతో పది రెప్స్, అంటే వరసగా పదిసార్లు వస్తాయి. స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం) 100తో ఎనిమిది, ఎంత లోతుకి పోతున్నానో ఎప్పుడూ కొలవలేదు. లెగ్ ప్రెస్ మీద ఉన్న ప్లేట్లన్నీ ఎక్కించేస్తాను. డెడ్‌లిఫ్ట్, అంటే బార్‌ని నేల మీంచి లేపి నిటారుగా నిలబడడం, ఎప్పుడూ చెయ్యలేదు. తొడ వెనక కండ కోసం బార్ నేలకి ఆనకుండా దించి లేపే రొమేనియన్ మాత్రం చేస్తాను.

ఇన్నాళ్లు కట్టిన కండ కరిగిపోతుందా? వారానికి ఎన్ని రోజులు చెయ్యాలి? చేతులకి, భుజాలకి విడిగా చేసేవన్నీ ఒగ్గేయాలా? మా జిమ్ మొదటి అంతస్తులో ఉంది, బార్ దించినప్పుడు చప్పుడైతే కింద కొట్లవాళ్లు ఊరుకోరు, అప్పుడు డెడ్‌లిఫ్ట్ సంగతేటి? ఇంకొకటి, మా నాన్నది మగ్గం పని. గుంట మగ్గం మీద ఏళ్ల తరబడి వంగి కూర్చుని నడుం పోగొట్టుకున్నారు. నేను నేల మీంచి బరువులెత్తుతానంటే అమ్మ గుండెలు బాదుకుంటోంది. అమ్మకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.


జయపురం జిమ్ము:

అన్నా, మొదట ఒక్కటి తేల్చుకో. బలం అంటే నీ మనసులో ఉన్నది ఏది? స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ మూడూ కలిస్తే పవర్‌లిఫ్టింగ్. నేల మీంచి ఒకే లాగుతో తల మీదికి తీసే స్నాచ్, భుజాల మీదికి తెచ్చి పైకి తోసే క్లీన్ అండ్ జెర్క్, ఈ రెండూ వెయిట్‌లిఫ్టింగ్. ఒలింపిక్స్‌లో ఉండేది ఈ వెయిట్‌లిఫ్టింగే. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది ఇందులోనే.

మీ ఊరి సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కె. రవికుమార్‌ది బరంపురమే కదా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో 321 కిలోలతో బంగారం, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి. వెయిట్‌లిఫ్టింగ్‌కి వచ్చేముందు ఆయన చేసింది కూడా బాడీబిల్డింగేనని చెప్పుకుంటారు. కాబట్టి నువ్వు పోదామనుకున్న దారి మీ ఊళ్లో కొత్త కాదు.

అయితే స్నాచ్‌కి మడమలు, తుంట్లు, భుజాలు బాగా వంగాలి. పక్కన కోచ్ ఉండాలి, బార్ వదిలేసే వీలుండాలి. మొదటి అంతస్తు జిమ్‌లో అది కుదిరే పని కాదు. నా ఓటు పవర్‌లిఫ్టింగ్‌కి.


రాయగడ రైలు:

తమ్ముడూ, నేను రాయగడలో రైల్వేలో పనిచేస్తాను. సాయంత్రాలు కుర్రాళ్లకి బార్ పట్టడం నేర్పుతాను. నీలాగ స్టేజీ దిగి బార్ దగ్గరికి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

కండ కరిగిపోదు. కండ కట్టడానికి పడిన కష్టంలో చాలా చిన్న భాగం చాలు, కట్టినదాన్ని నిలబెట్టుకోవడానికి. నువ్వు తిండి మానకుండా, వారానికి రెండుసార్లు గట్టిగా స్క్వాట్ చేస్తూ ఉంటే తొడలు ఎక్కడికీ పోవు. పై చేతులు, పక్క భుజాలు కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ ఉండే ఆ పొంగు ఉండదు. పొంగింది నీరూ నెత్తురూ, అది కండ లెక్కలోకి రాదు.

అసలు సంగతి ఇది. బలానికి రెండు కావాలి: కండ, ఆ కండని పిలిచే నరం. మొదటిది నీ దగ్గర దండిగా ఉంది. ఒక్కో నరం కొన్ని కండపోగుల్ని పట్టుకుని ఉంటుంది. తేలిక పనికి శరీరం చిన్న గుంపుల్నే లేపుతుంది, పని బరువయ్యేకొద్దీ పెద్ద గుంపుల్ని లేపుతుంది. నువ్వు పన్నెండు రెప్స్ సెట్టులో (సెట్టు అంటే ఆగకుండా చేసే ఒక విడత) ఆ పెద్ద గుంపుల్ని లేపేది చివర్లో, అప్పటికే అలిసిపోయి, బార్ నెమ్మదించాక. బరువైన సెట్టులో మొదటి రెప్ నుంచే అవన్నీ ఒకేసారి లేవాలి, సరైన వరసలో లేవాలి, ఎదురు కండలు అడ్డుపడకూడదు. అది నేర్చుకోవాల్సిన విద్య. మీ ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి నీకు తెలుస్తుంది, చెయ్యి తిరగడం అంటే ఏమిటో. తప్పు పోగు వేస్తూ గంట కూర్చుంటే చెయ్యి తప్పుకే తిరుగుతుంది.

అందుకే నీకు అన్నిటికన్నా కష్టమయ్యే మాట చెప్తున్నా: ఇక బార్ లేవదు అనేదాకా సెట్టు చెయ్యకు. ఇంకో రెండు రెప్స్ చెయ్యగలను అనిపించినప్పుడే బార్ ర్యాక్‌లో పెట్టెయ్. స్టేజీ నుంచి వచ్చిన ప్రతివాడూ ఇక్కడే గింజుకుంటాడు. ఒళ్లు మండలేదు, చొక్కా తడవలేదు, ఇది ఒక వర్కవుటా అంటాడు. ఇక్కడ మా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు అయిదు రెప్స్ రాసిస్తే తొమ్మిది చేసేవాడు. వాడి స్క్వాట్ పక్కనుంచి చూశాను. నాలుగో రెప్ దాకా బార్ పాదం మధ్యకి సరిగ్గా పైనే దిగి పైనే లేస్తోంది. అయిదోదానికి మడమ కొద్దిగా లేచింది. ఆరోదానికి తుంటి ముందు లేచి ఛాతీ వెనకబడింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అచ్చం నడుంతో లాగినవే. అంటే ఒక సెట్టులో నాలుగు మంచి స్క్వాట్లు, అయిదు చెడ్డవి. వాడి ఒంటికి ఏది ఎక్కువ అలవాటవుతుందో నువ్వే చెప్పు. నాలుగు దగ్గర ఆపించి, విశ్రాంతి ఇచ్చి, అలాంటి సెట్లు అయిదు చేయించాను. రెప్స్ ఎక్కువే అయ్యాయి, అన్నీ మంచివే అయ్యాయి. నెలలు తిరక్కుండానే వాడు ఎత్తే బరువు పెరిగింది.

ఇప్పుడు నీ లెక్కలు చూద్దాం. ఒక్క రెప్ గరిష్ఠం ఎంతో అంచనా కట్టడానికి ఒక సూత్రం వాడతారు: రెప్స్‌ని 30తో భాగించి, దానికి 1 కలిపి, బరువుతో గుణించడం. నీ స్క్వాట్ 100కి ఎనిమిది అంటే దాదాపు 127. బెంచ్ 80కి పది అంటే 107. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎక్కువ రెప్స్‌కి అలవాటు పడినవాళ్లకి ఈ సూత్రం నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. స్క్వాట్ లోతు కూడా నువ్వు కొలవలేదన్నావు. కాబట్టి స్క్వాట్ 115, బెంచ్ 95 అనుకుని మొదలెడదాం. తక్కువనుకుంటే పోయేది లేదు, ఎక్కువనుకుంటే మూడో వారానికే గోడకి గుద్దుకుంటావు.

సోవియట్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రిలెపిన్ అనే కోచ్ తయారుచేసిన పట్టిక ఒకటి ఉంది. గరిష్ఠంలో 70 నుంచి 80 శాతం లోపు బరువుకి సెట్టుకి మూడు నుంచి ఆరు రెప్స్, మొత్తం పద్దెనిమిది దగ్గర. 80 నుంచి 90 లోపు అయితే సెట్టుకి రెండు నుంచి నాలుగు, మొత్తం పదిహేను దగ్గర. 90 దాటితే ఒకటో రెండో, మొత్తం ఏడు. అది వెయిట్‌లిఫ్టర్ల కోసం చేసిందే అయినా మనకీ దారి చూపిస్తుంది. దాని ప్రకారం నువ్వు స్క్వాట్ 85తో నాలుగేసి రెప్స్ అయిదు సెట్లు మొదలెట్టు. వారానికి రెండున్నర కిలోలు పెంచు. నాలుగు వారాలయ్యాక ఒక వారం తేలిగ్గా, సగం సెట్లే. తర్వాత 95తో మూడేసి రెప్స్ అయిదు సెట్లు. బెంచ్ 70తో మొదలెట్టు, అదే పద్ధతి. కాకపోతే ప్రతి రెప్‌లోనూ బార్ ఛాతీకి తగిలాక కదలకుండా ఆపి, అప్పుడు తొయ్యాలి. పోటీలో బార్ ఛాతీ మీద నిలిచేదాకా రిఫరీ 'ప్రెస్' అనడు. తగిలించి లేపే అలవాటున్నవాళ్లకి ఈ ఆగడంతోనే పదేసి కిలోలు తగ్గుతాయి, కంగారు పడకు.

వారానికి నాలుగు రోజులు చాలు. సోమవారం బరువు స్క్వాట్, మంగళవారం బరువు బెంచ్, గురువారం తేలిక స్క్వాట్ చేసి డెడ్‌లిఫ్ట్, శుక్రవారం మళ్లీ బెంచ్ కొంచెం తేలిగ్గా. కొట్లో నిలబడే పని కాబట్టి బుధవారం ఖాళీ వదిలెయ్. పెళ్లిళ్ల సీజన్‌లో కొట్లో రద్దీ ఎక్కువై నిద్ర తగ్గితే శుక్రవారం ఒగ్గెయ్, మిగతా మూడూ మాత్రం వదలకు.

చేతులకి, భుజాలకి చేసేవి మానొద్దు. అసలు పని అయ్యాక వీపుకి రోయింగ్ (బరువుని పొట్ట వైపు లాగడం), తొడ వెనక కండకి ఒకటి, పొట్టకి ఒకటి, చేతులకి రెండు సెట్లు. వీపు బలంగా ఉంటేనే బెంచ్ కింద పడుకున్నప్పుడు ఆసరా. నీ బాడీబిల్డింగ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఏ కండ వెనకబడిందో కనిపెట్టడం నీకు వచ్చినట్టు మా కుర్రాళ్లకి రాదు.

సెట్టుకి సెట్టుకి మధ్య మూడు నుంచి అయిదు నిమిషాలు. ఇది కూడా నీకు కొత్త. గట్టి సెట్టులో కండ వాడేసిన ఇంధనం మళ్లీ నిండడానికి అంత టైము పడుతుంది. ఒక నిమిషానికే మళ్లీ బార్ కిందికి దూరితే నువ్వు ఊపిరికి ట్రైనింగ్ ఇస్తున్నావు, బలానికి కాదు. కూర్చో. టైమర్ పెట్టుకో.

డెడ్‌లిఫ్ట్ చప్పుడు సంగతి. లారీ టైరు ముక్కలు కోయించి రెండు వైపులా ప్లేట్ల కింద వెయ్యి. బార్‌ని పడేయకు, చేత్తో పట్టుకునే కిందికి దించు. పోటీలో కూడా రిఫరీ 'డౌన్' అన్నాక రెండు చేతులతో దించాలి, వదిలేస్తే లిఫ్ట్ చెల్లదు. ఇంకో ముఖ్యమైన సంగతి: పోటీ ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ఊళ్ల జిమ్‌లలో పదిహేను, పది కిలోల ప్లేట్లు చిన్నవిగా ఉంటాయి. వాటితో తీస్తే బార్ మరీ కిందికి పోయి నడుం గుండ్రంగా వంగిపోతుంది. టేపు పెట్టి కొలిచి, తక్కువైనంత మేర చెక్కలు వేసి ఎత్తు చెయ్యి. మొదట 80 కిలోలకి మించొద్దు, మూడేసి రెప్స్, ప్రతి రెప్‌కీ బార్ పూర్తిగా ఆపి మళ్లీ సర్దుకుని తియ్యి.

బరువు బేగి బేగి పెంచాలనిపిస్తుంది, ఎందుకంటే కండ ఒప్పుకుంటుంది. కండని ఎముకకి కట్టే తాళ్లు మాత్రం దాని కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి. మోచెయ్యి, మోకాలు సలపడం మొదలెడితే అది వాటి మాట.

మీ జిమ్ బార్ బరువెంతో ఎప్పుడైనా చూశావా? ఇరవై అని అందరూ అనుకుంటారు. తెలిసిన గోడౌన్‌కి పట్టుకెళ్లి కాటా మీద పెట్టు.

చివరగా ఒక మాట. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు చివరి రోజులు గడిపింది ఇక్కడే, ఒడిశాలో బలంగీర్ వైపు. 1942లో పోయారు. ఆయన చెయ్యి చుట్టుకొలత ఎంతో ఇవాళ ఎవరూ చెప్పరు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని, కారుని కదలకుండా పట్టుకున్నాడని చిన్నపిల్లలు కూడా చెప్తారు. నువ్వు అడిగిన బలం ఈ నేల మీద ఎప్పటినుంచో ఉంది తమ్ముడూ, ధైర్యంగా మొదలెట్టు.


కోర్టుపేట కుర్రాడు:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు దండాలు. రెండుసార్లు చదివి కాగితం మీద రాసుకున్నా. ఇంకా కొన్ని అనుమానాలు. రెండు రెప్స్ మిగిలాయని నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా ఆగిపోయేదాకా చెయ్యడమే. బెల్టు ఎప్పటినుంచి కట్టాలి? తిండి ఎలా మార్చాలి? బరంపురం ఎండలు మీకు తెలియనివి కావు, మేలో తెల్లారి అయిదింటికే ఒళ్లంతా జిడ్డు. నడుం గురించి కూడా ఎవరైనా చెప్పండి, అమ్మ రోజూ అడుగుతోంది.


కిమిడి ఫిజియో:

అన్నయ్యా, నేను పర్లాకిమిడిలో ఫిజియోథెరపిస్టుని. నడుం సంగతి నేను చెప్తాను, ఇది అమ్మగారికి చదివి వినిపించండి.

అమ్మా, నాన్నగారి నడుం నొప్పికీ మీ అబ్బాయి చెయ్యబోయే పనికీ పోలిక లేదు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి రోజుకి గంటల తరబడి ముందుకి వంగే ఉంటాడు. నడుం పక్క కండలకి పని ఉండదు, కదలిక ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ అవి బలహీనపడతాయి. మీ అబ్బాయి వారానికి ఒకటి రెండుసార్లు, కొద్దిసేపు, వెన్ను నిటారుగా ఉంచి, తనకి తగిన బరువు ఎత్తుతాడు. మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే ఆ కండలే గట్టిపడతాయి. నా దగ్గరికి వచ్చే నేతవాళ్లకి నేను కూడా చివరికి నేర్పేది తేలిక బరువు నేల మీంచి ఎత్తడమే.

అన్నయ్యా, ఇక మీకు. బరువు ఎత్తేముందు పొట్ట బిగించడం నేర్చుకోండి. పొట్ట లోపలికి లాగడం కాదు, స్టేజీ మీద మీరు చేసేది అది, ఇక్కడ దానికి ఎదురు. రెండు చేతుల బొటనవేళ్లు నడుం వెనక, మిగతా వేళ్లు పక్కటెముకల కింద మెత్తటి చోట పెట్టండి. ముక్కుతో ఊపిరి కిందికంటా తీసుకోండి, వేళ్లు నాలుగు వైపులా బయటికి తొయ్యబడాలి. భుజాలు పైకి లేస్తే ఊపిరి ఛాతీలోనే ఆగిపోయిందని అర్థం. ఆ ఊపిరి బిగబట్టి, ఎవరో కడుపులో గుద్దబోతున్నట్టు గట్టిగా చేసి, అప్పుడు కిందికి దిగండి. పైకి లేచాక వదలండి. ఖాళీ చేతులతో రోజూ చేస్తే వారంలో అలవాటైపోతుంది. ఇది వచ్చాకే బెల్టు. బెల్టు నడుముని మొయ్యదు, మీరు తోసే పొట్టకి ఎదురుగా నిలబడుతుంది. పొట్ట తొయ్యడం రానివాడికి అది ఉత్త తోలుముక్క. పోటీకి వెళ్లే ఆశ ఉంటే కొనేటప్పుడు పది సెంటీమీటర్ల వెడల్పు, పదమూడు మిల్లీమీటర్ల మందం దాటనిది కొనండి, అంతకు మించితే అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో ఒప్పుకోరు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఆ కాసేపు బాగా పెరుగుతుంది. 1985లో కెనడాలో పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తుండగా సగటున 320/250 దాకా పోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది వెంటనే దిగిపోతుంది. కానీ మీ బీపీ ఎంతో మీకు తెలియాలి. మొదలెట్టే ముందు ఒకసారి చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా బీపీ, గుండెజబ్బు ఉంటే డాక్టరుతో మాట్లాడాకే బార్ పట్టుకోండి.

నడుం కండలు మర్నాడు బిగుసుకుంటే అది మామూలే. నొప్పి పిరుదు మీంచి మోకాలు దాటి కిందికి పాకితే, పాదం తిమ్మిరెక్కితే, కాలు వేలు పైకి లేపడానికి బలం చాలకపోతే ఆపేసి చూపించుకోండి. ఒంటేలు పోయడం కష్టమైనా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి అరుదు, అయినా తెలిసి ఉండాలి.


గోపాల్‌పూర్ గాలి:

భాయ్, తిండి సంగతి నాది. నేను పోర్టులో పనిచేస్తాను, డెడ్‌లిఫ్ట్ నా ప్రాణం.

మొదటి పని: కటింగ్, అంటే కొవ్వు కరగడానికి తిండి తగ్గించడం, మానెయ్. బలం పెరగాలంటే కడుపు నిండాలి. అన్నం, రొట్టె, బంగాళాదుంప, ఏదైనా సరే, ట్రైనింగ్‌కి ముందు రోజు రాత్రి బాగా తిను. నువ్వు చేసేది తెల్లారగట్ల కాబట్టి పొద్దున్న ఒక అరటిపండు, కొంచెం బెల్లం వేసిన టీ చాలు. ప్రోటీను ఒంటి బరువులో కిలోకి 1.6 నుంచి 2.2 గ్రాములు, నీకైతే రోజుకి 125 నుంచి 170. బాడీబిల్డర్‌వి కాబట్టి ఇది అలవాటే. గుడ్డుకి ఆరు గ్రాములు, ఎండు సోయా ముక్కలు వంద గ్రాముల్లో యాభై పైనే. గోపాల్‌పూర్ నుంచి చేప తాజాగా వస్తుంది, వాడుకో.

ఎండాకాలం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తినమనే చెప్తాను, ఒంటికి చల్లదనం, నీళ్లు, ఉప్పు అన్నీ దొరుకుతాయి. కానీ అందులో ఉన్నది అన్నమే, ప్రోటీను దాదాపు లేదు. పక్కన చేప వేపుడో రెండు గుడ్లో, కనీసం కూరగాయలేసి వండిన చిక్కటి పప్పు, డాల్మానో ఉండాలి. ఉప్పు మానే రోజులు అయిపోయాయి నీకు. చెమటతో పోయిన ఉప్పు లోపలికి పోకపోతే మూడో సెట్టుకే కళ్లు తిరుగుతాయి.

సప్లిమెంట్లలో క్రియాటిన్ ఒక్కటే చాలు, మోనోహైడ్రేట్, రోజుకి మూడు నుంచి అయిదు గ్రాములు. కండలో నీరు చేరి కిలో దాకా బరువు పెరుగుతావు, అద్దంలో గీతలు కొంచెం పలచబడతాయి. భయపడకు.

చెమటకి చేతులు జారితే చాక్ పొడి, మెగ్నీషియం కార్బొనేట్, క్రీడా సామాను కొట్లలో దొరుకుతుంది. ముఖానికి పూసే పౌడరు మాత్రం చేతికి రాయొద్దు, అది ఇంకా జారుతుంది. బెంచ్ మీద వీపు జారుతుంటే నూలు బనీను వేసుకో.


కోర్టుపేట కుర్రాడు:

అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "నడుం నిటారుగా ఉంచుతాడా లేదా అని ఎవరు చూస్తారు" అని అడిగింది, అంటే సగం ఒప్పుకున్నట్టే. బీపీ చూపించుకున్నా, 122/78.

బార్ కాటా మీద పెట్టించాను. పదిహేడున్నర కిలోలు! అంటే నేను చెప్పిన లెక్కలన్నిట్లో రెండున్నర కిలోలు తీసెయ్యాలి. జిమ్ గోడకి సున్నంతో రాసిపెట్టాం, అందరికీ తెలియాలని.

ఇవాళ 85తో స్క్వాట్ చేశా, పొట్ట బిగించి. ఫోన్ గోడకి ఆనించి వీడియో తీశాను. లోతుకి పోయాననే అనుకున్నా, వీడియోలో చూస్తే తొడ నేలకి సమానంగా కూడా రాలేదు. కానీ నాలుగు దగ్గర ఆపడం ఇంత కష్టమని తెలీదు అన్నా. చేతులు వాటంతట అవే అయిదోదానికి దిగబోయాయి.


రాయగడ రైలు:

శభాష్ తమ్ముడూ, ఆ పదిహేడున్నర గోడ మీద రాయడం అన్నిటికన్నా మంచి పని.

లోతు గురించి. పోటీలో తుంటి మడత మోకాలి పై భాగం కన్నా కిందికి రావాలి, తొడ సమానంగా వస్తే చాలదు. ముగ్గురు రిఫరీలుంటారు, ఇద్దరు తెల్ల లైటు ఇస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది. కాబట్టి 70కి దిగిపో. సిగ్గుపడే పని లేదు, అది నీ అసలు స్క్వాట్ మొదలయ్యే చోటు. ఇంట్లో ఎత్తు తక్కువ పీట ఉంటే జిమ్‌కి పట్టుకెళ్లు, దాని మీద కూర్చుంటే తుంటి మోకాలి కన్నా కిందికి రావాలి. పీట వెనక పెట్టి, పిరుదు దానికి మెల్లగా తగిలీ తగలగానే లేవాలి, కూలబడకూడదు. మడమ లేస్తుంటే పాదాలు ఇంకొంచెం వెడంగా, వేళ్లు కొంచెం బయటికి. కాలికి స్పాంజి అడుగున్న జోళ్లు వేసుకుంటున్నావేమో చూసుకో, అవి తీసేసి అడుగు చదునుగా, గట్టిగా ఉన్నవి వెయ్యి.

రెండు రెప్స్ మిగిలాయని ఎలా తెలుస్తుందని అడిగావు కదా, నేను మర్చిపోలేదు. బార్ వేగం చూడు. మొదటి రెప్ ఎంత వేగంగా లేచిందో అంతే వేగంగా లేస్తున్నంతసేపు ఇంకా చాలా ఉన్నట్టు. పైకొచ్చేటప్పుడు మధ్యలో ఒక చోట బార్ బరువెక్కి నెమ్మదించి, అయినా ఆగకుండా దాటిందంటే రెండో మూడో మిగిలినట్టు. అక్కడ ఆపు. నీలాగ చివరిదాకా చేసి అలవాటున్నవాడికి ఈ అంచనా మిగతావాళ్ల కన్నా బేగి వస్తుంది, ఎందుకంటే చివరి రెప్ ఎలా ఉంటుందో నీకు బాగా తెలుసు.

వీడియో ఈసారి పక్కనుంచి, ఫోన్ మోకాలి ఎత్తులో పెట్టి తియ్యి. పైనుంచి తీస్తే ఉన్న లోతు కన్నా తక్కువ కనబడుతుంది, నేల మీంచి తీస్తే ఎక్కువ కనబడుతుంది. సోమవారం 70తో పీట మీదికి అయిదు సెట్లు చేసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా. డెడ్‌లిఫ్ట్ మొదలెట్టే గురువారం నాడు చెక్కల ఎత్తు కొలిచిన ఫోటో కూడా పెట్టు.